పన్ను పీకించుకున్న రోజు

ఫిబ్రవరి 11

ఒరేయ్ పుల్లా,

నీ ఉత్తరం అందింది. రెండు పేజీలు రాస్తే అందులో ఒకటిన్నర పేజీ నీ దవడ పన్ను గురించే. మిగతా సగం పేజీలో యుద్ధం. ఏది పెద్ద గొడవో నువ్వే తేల్చావు.

చిన్నప్పుడు పళ్ల డాక్టరు కుర్చీ చూడగానే నాన్న కాళ్ల మధ్య నుంచి దూరి వీధి చివరిదాకా పారిపోయావు, గుర్తుందా? అప్పుడంటే చిన్నపిల్లాడివి. ఇప్పుడు నదుల మీద వంతెనలు కడుతున్నావు, పక్కనే తుపాకులు మోగుతున్నా మేకులు కొడుతున్నావు. పట్టకారు అంటే మాత్రం వణుకా! సిగ్గు లేదూ? లవంగం నూనె రాసుకుని ఎన్నాళ్లు నెట్టుకొస్తావు? వెనక ఉన్న ఆసుపత్రికి వెళ్లి పీకించుకో. మీ బావకి విడిగా రాస్తున్నాను, నిన్ను చెవి పట్టుకుని బండెక్కించమని. పెళ్లయినప్పటి నుంచి ఆయన నా మాట ఒక్కటీ విన్న పాపాన పోలేదు. ఇదొక్కటి వింటే చాలు.

ఇక్కడ అంతా మామూలే. ఆయన కత్తిరించి పెట్టి వెళ్లిన గుడ్డలన్నీ కుట్టేశాను. బ్యాంకు గుమస్తాకి ప్యాంటు పట్టలేదు. పట్టదు మరి, కొలతలిచ్చి ఏడాదైంది, అతని తిండి ఆగలేదు. "మీ టేపులో ఏదో తేడా ఉందమ్మా" అన్నాడు. నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయాను. అత్తయ్యకి చెవుడు ఇంకాస్త పెరిగింది. ఆవిడ రేడియోలో వార్తలు వింటుంటే వీధి వీధంతా వింటోంది.

మీరిద్దరూ ఒకే జట్టులో ఉన్నారు కాబట్టి నాకు నిద్ర పడుతోంది. ఒకరినొకరు చూసుకోండి. పన్ను పీకించుకున్నాకే జవాబు రాయి.

అక్క


ఏప్రిల్ 2

అక్కా,

ఆఫీసు నుంచి మనిషి వచ్చి చెప్పే ఉంటాడు. కట్టిన వంతెన ఆఖరి పలకలు బిగిస్తుంటే పైనుంచి బాంబులు పడ్డాయి. బావతో పాటు మా జట్టులో మిగతా ముగ్గురూ పోయారు. నేను అక్కడ లేను.

ఇంతకంటే రాయడానికి చెయ్యి రావట్లేదు. బావ సామాన్లు పంపిస్తున్నాను. కొలతల టేపు, చిన్న కత్తెర, నీ ఉత్తరాలు. ఇక్కడ అందరూ ఆయన్ని మాస్టారూ అనేవాళ్లు. చిరిగిన చొక్కా ఎవరిదైనా ఊరుకునేవాడు కాదు.

అత్తయ్యకి నేను రాశానని చెప్పొద్దు.

తమ్ముడు


ఏప్రిల్ 20

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి మడుస్తాను, మళ్లీ విప్పుతాను. అందులో ఉన్నవే నాలుగు ముక్కలు.

కబురు తెచ్చిన మనిషి టోపీ తీసి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నాకు అర్థమైపోయింది. అత్తయ్యకి మాత్రం అతను చెప్పింది వినపడలేదు. ఎవరో కోటు కుట్టించుకోడానికి వచ్చారనుకుని, కుర్చీ తుడిచి వేసి, "కూర్చో నాయనా, మావాడు ఊళ్లో లేడు, కోడలు కొలతలు తీసుకుంటుంది" అంది. అతను నా వంక చూశాడు. ఇక నేనే చెప్పాలి. మామూలుగా చెబితే వినపడదు కదా. ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెప్పాను ఒరేయ్. మీ అబ్బాయి పోయాడు అని, వీధికంతా వినపడేలా, నా నోటితో నేనే అరిచాను.

నువ్వు అక్కడ లేనన్నావు. మరి ఎక్కడున్నావు? ఆ ముక్క రాయవేం? దెబ్బలేమైనా తగిలి దాస్తున్నావా? నీళ్లు నమలకుండా ఉన్నదున్నట్టు చెప్పు, నేను తట్టుకుంటాను.

యుద్ధం ఇంకెంతో కాలం సాగదంటున్నారు. అవగానే ఇంటికొచ్చెయ్. మేడ మీద గది ఖాళీగానే ఉంది. కొట్టులో రెండో మిషను కూడా ఖాళీగానే ఉంది, దుమ్ము పట్టకుండా గుడ్డ కప్పాను. పని నేర్పుతాను. నాకూ మనిషి తోడు కావాలి.

అక్క


జూన్ 15

అక్కా,

ఆలస్యమైంది. యుద్ధం ఆగిందని నీకు తెలిసే ఉంటుంది, అత్తయ్య రేడియో ఉండనే ఉంది. నాకు విడుదల కాగితం ఇచ్చారు. కానీ ఇక్కడ సామాన్ల డిపోలో మనుషులు చాలట్లేదంటే ఉండిపోయాను. తిరిగొచ్చిన బూట్లు గుట్టలుగా పడి ఉన్నాయి. ఎడమకి కుడి వెతికి జత చెయ్యడం నా పని. జత దొరకనివే ఎక్కువ.

నువ్వు ఎక్కడున్నావని అడిగావు. అడగాల్సిందే. చెబుతాను.

నేను పన్ను పీకించుకోడానికి వెళ్లాను.

అంతే అక్కా. దెబ్బలు లేవు, ఏం లేవు. వాళ్లు నలుగురూ వంతెన మీద ఉంటే నేను ఆసుపత్రి కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాను. నా బోల్టులు కూడా బావే బిగిస్తున్నాడు ఆ రోజు. ఎవరైనా అడిగితే ఈ మాట చెప్పడానికి కూడా నాకు ముఖం చెల్లదు. కాలో చెయ్యో పోయినవాడికి చెప్పుకోడానికి ఏదో ఒకటి ఉంటుంది. నాకు పన్ను పోయింది.

రెండో మిషను నాకొద్దు. అది బావది. నువ్వు తోడు కావాలని రాశావు, నాకు తెలుసు. ఆయన కుర్చీలో నేను కూర్చోలేను.

తమ్ముడు


జులై 8

ఒరేయ్ నా తండ్రీ,

పన్ను పీకించుకోడానికి వెళ్లావా! ఆ మాట చదివి కొట్టులోనే బావురుమని ఏడ్చాను. నువ్వు అడగాల్సిందే అన్నావు, నేనడిగింది నీకు దెబ్బలు తగిలాయేమోనని, వెర్రి నాగన్నా. అంటే నేను రాసింది ఆయన విన్నారన్నమాట. చెవి పట్టుకుని పంపించారన్నమాట. నీ పన్ను పుచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇద్దరూ పోయేవాళ్లు, ఒక్కడు మిగిలాడు.

నీకొక పార్శిల్ పంపుతున్నాను. ఆయన బూడిదరంగు కోటు. ఊరందరికీ కుట్టే మనిషి, తనకోసం కుట్టుకున్నది అదొక్కటే. అది కొక్కేనికి వేలాడుతూ ఉండేది. పొద్దున్నే కొట్టు తలుపు తీసి లైటు వెయ్యగానే మనిషి నిలబడినట్టే ఉండేది. భయమైతే ఓర్చుకుందును. ఆశ పుట్టేది. అందుకని తీసి విప్పేశాను. నీ పాత చొక్కా కొలతలు పెట్టి భుజాలు తగ్గించాను, నడుం దగ్గర లోపలికి తీశాను. చేతులు ముట్టుకోలేదు, మీ ఇద్దరి చేతులూ ఒకటే పొడుగు. ఆయన కుట్టు విప్పడం ఎంత కష్టమో! మనిషి మెతక, కుట్టు మాత్రం గట్టి.

అది వేసుకుని ఇంటికి రా. మంచి గుడ్డ, పదేళ్లు వస్తుంది.

అక్క


ఆగస్టు 19

అక్కా,

నేను వచ్చాను. నీకు తెలుసు. కలేమో అనుకుని ఉంటావని రాస్తున్నాను, కల కాదు.

పోయిన ఆదివారం సాయంత్రం బస్సు దిగాను. నువ్వు పంపిన కోటు వేసుకున్నాను, నీకు సంతోషంగా ఉంటుందని. మీ కొట్టుకి ఎదురుగా, మందుల షాపు మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాను. వీధి దాటడానికి కాళ్లు రాలేదు. నువ్వు కిటికీ దగ్గర కూర్చుని చొక్కాకి కాజాలు కుడుతున్నావు. దారం తెంపడానికి తలెత్తి నన్ను చూశావు.

అక్కా, నీ ముఖం అలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. ఒళ్లో గుడ్డ కింద పడేశావు. కుర్చీ ఎటో తోసేశావు. చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం దాటి వీధిలోకి వచ్చావు. నేను నా కోసమే అనుకున్నాను. మెట్లు దిగి వీధి దీపం వెలుగులోకి రెండడుగులు వేశాను. అప్పుడు నీకు తెలిసింది నేనెవరో. నీ ముఖం చప్పున ఆరిపోయింది. వీధి మధ్యలో నిలబడిపోయావు.

ఆ ముఖం చూశాక నేనెలా వస్తాను? నువ్వు పిలిచావో లేదో కూడా నాకు తెలియదు. వెనక్కి తిరిగి బస్టాండు దాకా పరిగెత్తాను.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ మనిషి టోపీ తీసి నిలబడ్డప్పుడు నా పేరు చెబితే బాగుండునని నువ్వు అనుకోలేదూ? నిన్ను తప్పు పట్టట్లేదు. నేనే రోజూ అనుకుంటున్నాను. ఆయనకి భార్య ఉంది, తల్లి ఉంది, చేతిలో పనుంది. మిగతా ముగ్గురిలో ఒకడికి బిడ్డ పుట్టి నెల కాలేదు. నాకు ఏముంది? బతికించడానికి ఎవరైనా సరిగ్గా చూసి ఏరితే నన్ను ఏరేవాళ్లా?

పొలాల్లో పాతిపెట్టిన మందుపాతరలు తీసే జట్టుకి పేరిచ్చాను. వచ్చే నెల మొదట్లో బయల్దేరాలి. నలుగురు పోయి నేనొక్కణ్ణే ఊరికే మిగిలితే అది న్యాయం కాదు. ఏదో ఒకటి చెయ్యకపోతే ఈ ఊపిరి నాది కాదనిపిస్తోంది. కోటు తిరిగి పంపేస్తున్నాను, దయచేసి ఏమీ అనుకోకు.

తమ్ముడు


ఆగస్టు 25

ఒరేయ్ మూర్ఖుడా,

పిలిచానా లేదా అని అడుగుతున్నావా? గొంతు పోయేలా పిలిచాను. వీధి చివరిదాకా ఒట్టి కాళ్లతో పరిగెత్తాను. గాజుపెంకు గుచ్చుకుంది. మందుల షాపాయనే కట్టు కట్టి, "ఎవరమ్మా ఆ అబ్బాయి?" అన్నాడు. మా తమ్ముడండీ, నన్ను చూసి పారిపోయాడు అని చెప్పాను. ఎంత బాగుందో చూడు చెప్పుకోడానికి!

అవును, ముఖం ఆరిపోయింది. అబద్ధమాడను. ఆ కోటులో దూరం నుంచి ఆయనే అనుకున్నాను. కబురు అబద్ధమైందనుకున్నాను. ఆ కాస్తసేపట్లో ఆయన మళ్లీ బతికి మళ్లీ పోయారు. ఆ కోటు సరిచేసి పంపినప్పుడు ఈ బుద్ధి నాకుండాల్సింది. గుడ్డ వృథా పోకూడదన్న దర్జీ బుద్ధి తప్ప ఇంకోటి తోచలేదు. కానీ నువ్వు ఆ ముఖం ఒక్కటే చూసి పోయావు. ఆయన కాదు, నా తమ్ముడు అని తెలిశాక నా ముఖం ఏమైందో చూడలేదు. ఉండి ఉంటే చూసేవాడివి. తొందరపడి సగం చూసి, ఆ సగం పట్టుకుని నాకు తీర్పు రాసి పంపుతావా?

ఇక రెండోది. నీ పేరు చెబితే బాగుండునని అనుకున్నానా అని. అనుకున్నాను. టోపీ తియ్యగానే మీ ఇద్దరిలో ఒకరని అర్థమైంది. ఆయన కాకూడదు అనుకున్నాను. అంటే నువ్వనే కదా. అతను ఆయన పేరు చెప్పాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాటేంటో తెలుసా? "మా తమ్ముడో?" అని. బతికే ఉన్నాడమ్మా అంటే, అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. నీ పేరే చెప్పి ఉంటే అప్పుడు నా తమ్ముడే ఎందుకు పోవాలని ఆయన మీద కోపం తెచ్చుకునేదాన్ని. మనసు అంతేరా. చేతికందినదాన్ని పట్టుకుంటుంది. అందులో న్యాయం వెతక్కు. నీకు ముఖం చెల్లదని రాశావే, నాకెలా ఉంటుందో ఆలోచించావా, ఇది నీకు రాస్తుంటే?

నిన్నెవరు ఏరారని అడుగుతున్నావు. బాంబు వేసినవాడు మనుషుల్ని చూసి ఏరాడా? ఎవరికి బిడ్డ ఉంది, ఎవరికి పన్ను నొప్పి ఉంది అని? ఎవరూ ఏరలేదు. అందుకే అంత భరించలేకుండా ఉంది. తప్పు నాదే అనుకుంటే కనీసం దానికో కారణం ఉన్నట్టుంటుంది, అదే కదా నీ బాధ? నాకూ అలాగే అనిపిస్తుంది ఒక్కోసారి. ఆయనక్కూడా ఏ కడుపునొప్పో వచ్చేదాకా నేను ఎందుకు వేపుకు తినలేదని.

నువ్వు బతకడం తప్పైతే ఆ తప్పు నీది కాదు. బండెక్కించమని రాసింది నేను. ఎక్కించింది ఆయన. ఆయన ఆఖర్న చేసిన మంచిపని అది. దాన్ని తప్పు అనడానికి నీకు నోరెలా వచ్చింది?

మందుపాతరలు తియ్యడం మంచి పనే. ఎవరో ఒకరు తియ్యకపోతే ఆ పొలాల్లో జనం ఎలా నడుస్తారు? కానీ జనం నడవాలని వెళ్లేవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని అడుగు వేస్తాడు. తనకి శిక్ష పడాలని వెళ్లేవాడు ఎలా వేస్తాడు? నీ పక్కనుండే కుర్రాడు ఏ పాపం చేశాడు? వాడింట్లోనూ ఒక అక్క ఉంటుంది.

నాకింకోటి ఉంది, ఇది నా స్వార్థం. ఆయన చివరి ఏడాది నా దగ్గర లేదు. ఆయన ఉత్తరాల నిండా "క్షేమం, క్షేమం" తప్ప ఏం ఉండేది కాదు. ఎవరితో పోట్లాడేవారో, దేనికి నవ్వేవారో, గురక పెడుతున్నారని ఎవరు తన్నేవారో నాకేం తెలుసు? ఆ ఏడాదంతా నీ దగ్గరుంది. వాళ్లందరిలో నువ్వొక్కడివే మిగిలావు. నువ్వు ఆ పొలాల్లో పోతే ఆయన్ని మళ్లీ చంపినట్టే. అప్పుడు నిజంగా నీ తప్పవుతుంది, చెబుతున్నాను.

కోపంతో రాశాను. చింపెయ్యకు.

అక్క


ఆగస్టు 31

అక్కా,

నీ ఉత్తరం చింపలేదు. ఆ జట్టు పెద్దాయన దగ్గరికి వెళ్లి, పక్కనుండే కుర్రాడి గురించి నువ్వన్నది చెప్పాను. ఆయన నా వంక చూసి, "నువ్వెందుకు పేరిచ్చావో నాకు ముందే అనుమానం" అని జాబితాలో నా పేరు కొట్టేశాడు. బతకాలని గట్టిగా అనిపించినప్పుడు రా, అప్పుడు తీసుకుంటాను అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. బతకాలనిపించడం లేదని ఎవరూ నాతో అంత నేరుగా అనలేదు.

నువ్వడిగావు కాబట్టి ఆ పొద్దున్న జరిగింది రాస్తున్నాను. బండి వచ్చింది. ఎక్కాను. ఇంజను మోగగానే భయమేసి దూకేశాను. బావ నన్ను సంచిలా ఎత్తి మళ్లీ బండిలో పడేశాడు. మళ్లీ దూకాను. అందరూ పని ఆపి వచ్చారు. ఒకడు నా కాళ్లు పట్టుకున్నాడు, బావ తన టేపు తీసి, తర్వాత నీకు పంపానే అదే, నా నడుం బండి కమ్మీకి కట్టేశాడు. "మీ అక్క రాసింది, నేను చచ్చినా వదల్ను" అన్నాడు. బండి కదిలింది. వెనక్కి చూస్తే నలుగురూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నేను ఆఖరిసారి చూసింది అదే. నన్ను చూసి నవ్వుతున్నారు.

ఇక అసలు సంగతి. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నన్ను తినేసేది నేను బతకడం కాదు అక్కా. పన్ను ఊడొచ్చింది. కాసేపటికి నొప్పి పోయింది. ఎన్ని నెలలైందో నొప్పి లేకుండా ఉండి! ఆసుపత్రి వెనక ఎండలో చాప మీద పడుకున్నాను. ఎవరో నర్సు తియ్యటి టీ ఇచ్చింది. ప్రాణం లేచొచ్చినట్టుంది. ఎంత హాయిగా నిద్రపోయానో! దూరంగా బాంబులు వినపడ్డాయి. నేను అటు తిరిగి పడుకున్నాను. వాళ్లు పోతున్నప్పుడు నేను సుఖంగా ఉన్నాను. యుద్ధం మొత్తం మీద నేను అంత సుఖంగా ఉన్న రోజు ఇంకోటి లేదు. దీన్నేం చేసుకోను? ఇది తెలిశాక కూడా నన్ను రమ్మంటావా?

రమ్మంటేనే వస్తాను.

పుల్ల


సెప్టెంబరు 5

నాన్నా,

ఉత్తరం అందిన పూటే రాస్తున్నాను, సాయంత్రం టపాకి అందాలని.

కబురు మాకు చేరడానికి వారం పైనే పట్టింది. వంతెన మీద బాంబులు పడ్డ రోజున నేనేం చేశానా అని తర్వాత గుర్తు చేసుకున్నాను. ఎండ బాగుందని కొట్టు పెందలాడే మూసి, అత్తయ్యని తీసుకుని నది ఒడ్డుకి షికారు వెళ్లాను. చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలో నడిచాను. ఆవిడ జారిపడబోయి నన్ను పట్టుకుంది, ఇద్దరం కలిసి కూలబడ్డాం. నవ్వి నవ్వి కడుపు నొప్పొచ్చింది. అప్పటికి ఆయన లేరు. ఆ రోజు గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆ పాపం కూడా నన్ను మొయ్యమంటావా? అయితే సరే, చెప్పు, ఇద్దరం మోద్దాం. వద్దంటే ఇద్దరం దింపేద్దాం. నీకొక న్యాయం నాకొక న్యాయం కుదరదు.

అత్తయ్యకి అన్నీ చెప్పాను, అరిచి. ఆవిడ "మావాడు నవ్వాడటా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. నీ నోటితో వినాలట. చెవి దగ్గర గట్టిగా చెప్పాలి, నీకు ఓపికుండాలి మరి.

ఆయన పోయి ఇన్ని నెలలైంది. నువ్వూ నేనూ ఒక్కచోట కూర్చుని ఏడవనే లేదురా. నేనొక్కదాన్నే ఏడవలేకపోతున్నాను. రా.

అక్క